ఎలక్ట్రానుల తూము

తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో పొలం గట్టున తూమును మీరు చూసే ఉంటారు. తలుపు ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతున్నదో ఇంజనీర్లు కొలుస్తారు. ఎన్ని బొట్లు పోయాయో మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. తీగలో పారే విద్యుత్తు సంగతీ అంతే. ఒక ఆంపియరు ప్రవాహమంటే సెకనుకు సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రానులు! వాటిని ఒక్కొక్కటిగా పంపవచ్చునా?

పంపవచ్చు. అందుకు సాధనం క్వాంటం డాట్, అనగా క్వాంటం చుక్క. ఇది అర్ధవాహకంలో ఏర్పరచిన అతి చిన్న మడుగు వంటిది. దాని వెడల్పు మీటరులో కోటివంతుకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మడుగుకు రెండు వైపులా రెండు గోడలుంటాయి. ఇవి ఇటుక గోడలు కావు. పైనున్న లోహపు పట్టీలకు రుణ వోల్టేజి ఇస్తే, వాటి కింద ఎలక్ట్రానులను నెట్టివేసే ప్రాంతాలు ఏర్పడతాయి. వోల్టేజిని మార్చితే గోడ ఎత్తు మారుతుంది. నీటికి లేని గుణం ఒకటి ఎలక్ట్రానుకు ఉంది. గోడ పలుచగా ఉంటే, పైకి ఎక్కకుండానే అది అవతలికి చేరగలదు. దీనినే సొరంగ ప్రభావం అంటారు.

మొదట ఎడమ గోడను తగ్గిస్తారు. ఒక ఎలక్ట్రాను లోపలికి వస్తుంది. రెండవది రాబోతే మొదటిదాని వికర్షణ దానిని ఆపుతుంది. వేడి ఎక్కువైతే ఈ కట్టడి నిలవదు. కాబట్టి పరికరాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరుస్తారు. తరువాత ఎడమ గోడను లేపి, కుడి గోడను తగ్గిస్తారు. ఎలక్ట్రాను అటు వెళ్లిపోతుంది. 1991లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో కౌవెన్‌హోవెన్, ఆయన సహచరులు ఈ విధంగా చేసి చూపారు. సెకనుకు కోటి సార్లు ఇలా జరిపినా, వచ్చే ప్రవాహం ఆంపియరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 1.6 భాగాలే!

అసలు చిక్కు కాలంతోనే. గోడను మరీ త్వరగా లేపితే ఎలక్ట్రాను రాకముందే దారి మూసుకుపోతుంది. నెమ్మదిగా నడిపితే ప్రవాహం కొలవలేనంత స్వల్పమవుతుంది. రెండు గోడలూ ఒకేసారి తగ్గితే లెక్కే ఉండదు. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు నీరు ఎలా పోయిందో మీరు విన్నారు కదా!

ఈ లెక్క ఎందుకు? పూర్వం రెండు తీగల మధ్య బలాన్ని బట్టి ఆంపియరును నిర్వచించేవారు. 2019 మే 20 నుండి ఎలక్ట్రాను ఆవేశమే దానికి ఆధారం. ఆ ఆవేశాన్ని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులుగా స్థిరపరచారు. పది లక్షలకు ఒకటి కంటె తక్కువ తప్పుతో ఎలక్ట్రానులను పంపే చుక్కలు ప్రయోగశాలలలో తయారయ్యాయి. ప్రవాహం మాత్రం ఇంకా చాలా స్వల్పం. అందుచేత అనేక చుక్కలను పక్కపక్కన పెట్టి ఒకే తాళంలో నడిపే ప్రయత్నాలు జరుగుతున్నాయి.