తల తిరుగుతోందంటే ఎప్పుడని అడగండి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్ళలో మాట తెలుగే. ఆసుపత్రికి వెళితే అవసరాన్ని బట్టి కన్నడం. ఇంట్లో పెద్దవాళ్ళు "తల తిరుగుతోంది" అంటే, అక్కడ "తలె సుత్తు" అని చెబుతాం. ఆ ఒక్క మాట కింద వేర్వేరు బాధలు దాగి ఉంటాయి. ఏ భాషలో చెప్పినా, అది ఎప్పుడు వస్తోందో, ఎంతసేపు ఉంటోందో కూడా చెప్పాలి.

మొదటిది, లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం. నిలబడినప్పుడు రక్తం కాళ్ళవైపు దిగుతుంది. దాన్ని సర్దుకునే శక్తి వయసుతో తగ్గుతుంది. రక్తపోటు మాత్రలు, ఎండ, రాత్రి లేవవలసి వస్తుందని నీళ్ళు తాగడం మానుకోవడం దీనికి తోడవుతాయి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాలలోపు మరోసారి రక్తపోటు చూపించండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరు మందుల మోతాదు సరిచూస్తారు. మీ అంతట మీరు మాత్రలు మానకండి.

రెండవది, పక్కకు ఒత్తిగిలినా, అటక వైపు తలెత్తినా ఇల్లంతా గిర్రున తిరగడం. సాధారణంగా నిమిషంలోపే తగ్గుతుంది. లోపలి చెవిలోని సన్నని సున్నపు రేణువులు చోటు తప్పడమే దీనికి కారణం. తలను ఒక వరుసలో తిప్పి వాటిని సరిచేసే ఎప్లీ పద్ధతి ఉంది. చాలామందికి దానితోనే నయమవుతుంది.

మూడవది, తల బాగానే ఉన్నా నడకలో తూలడం. చక్కెర జబ్బుతో పాదాలకు స్పర్శ తగ్గినా, చూపు మందగించినా ఇలా జరుగుతుంది. చక్కెర మందు వేసుకుని వేళకు ముద్ద తినకపోతే మాత్రం చెమట, వణుకు వస్తాయి. స్పృహ ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వండి.

ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, నిలబడలేకపోయినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగితే, అంతవరకు తన పని తాను చేసుకున్న మనిషి మంచం పట్టవచ్చు. అందుకే లేచేముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోమనండి. రాత్రి బచ్చలి దాకా దీపం ఉంచండి.

ఈ పూట మీ అమ్మనో నాయననో అడగండి: "తల తిరిగేది లేచినప్పుడా, పక్కకు తిరిగినప్పుడా, నడిచేటప్పుడా?" ఆ జవాబు కాగితం మీద రాసుకుని, వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి.