బరువు తగ్గిన పిమ్మట మరల పరుగు

యౌవనమున పరుగెత్తి, నడివయస్సున స్థూలకాయులై, పిదప పట్టుదలతో బరువు తగ్గించుకొన్నవారు మనలో అరుదు కారు. ఆహారనియమము వలననో, శస్త్రచికిత్స వలననో, నేటి ఔషధముల వలననో 105 కిలోల మనిషి 75 కిలోలకు దిగెననుకొందము. మేడమెట్లు ఆయాసము లేక ఎక్కుచున్నాడు. పాత చొక్కాలు వదులైనవి. ఒక ఉదయమున ఆతనికి కళాశాలనాటి పరుగు జ్ఞప్తికి వచ్చును. వెంటనే మైదానమునకు పోయి, మూడు కిలోమీటర్లు పరుగెత్తి, సంతోషముతో ఇల్లు చేరును. మరునాడును అంతే. కొలది వారములలో మోకాలో మడమయో పట్టుకొని కూర్చుండును. బరువు తగ్గిన దేహమునకు ఈ బాధ యేల?

పరుగులో ఒక్కొక్క అడుగునకు నేలనుండి కాలికి తగులు తాకిడి దేహపు బరువునకు రెండింతలు మొదలు మూడింతల వరకు ఉండును. రెండింతలే యనుకొన్నను, 105 కిలోల నాడు 210 కిలోల తాకిడి. 75 కిలోల నాడు 150. అడుగడుగునకు 60 కిలోలు తగ్గినవి. ఇది గొప్ప లాభమే. కాని కరిగినది కొవ్వు మాత్రమే కాదు. త్వరితముగ బరువు తగ్గినప్పుడు, పోయిన దానిలో ఐదవ వంతో నాలుగవ వంతో కండ మొదలగు ధాతువులదై యుండుట సామాన్యము. మోయవలసిన భారము తగ్గుటచే ఎముకయు కొంత పలుచబడును. భారముతోపాటు దానిని మోయు స్తంభములును కొంత సన్నగిల్లినవన్నమాట.

మరియొక చిక్కు కలదు. దేహములోని భాగములన్నియు ఒక్క వేగముతో కోలుకొనవు. గుండెయు ఊపిరియు కొలది వారములలోనే సాధనకు అలవడును. కండరములు వాని వెనుక వచ్చును. స్నాయువులును ఎముకలును అన్నిటికంటె మందగాములు. ఎముకలో ఒకచోట పాతది తొలగి క్రొత్తది కట్టుకొనుటకు మూడు నాలుగు మాసములు పట్టును. కనుక ఊపిరి "ఇంకను పోదము" అనుచుండగా, ఎముక సన్నగ పగులుచుండవచ్చును. చాలదినములు కొట్టమున నిలిచిన ఎద్దును రైతు తొలినాడే దినమంతయు దున్నుటకు కట్టడు. మన కాళ్ళకును ఆ మర్యాద చెల్లవలెను.

ఈ మెలకువను లోకమునకు చాటినవారిలో న్యూజీలండు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ముఖ్యుడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, ముర్రే హాల్బర్గ్ స్వర్ణపతకములు గెలిచిరి. అట్టి గురువే ఆక్లండు నగరమున నడివయస్కులకును, గుండెజబ్బు నుండి కోలుకొన్నవారికిని మెల్లని పరుగు నేర్పెను. 1962లో అచ్చట వారికొక సంఘము వెలసినది. పరుగెత్తుచు ప్రక్కవానితో మాటలాడగలిగినంత వేగమే చాలునని వారి నియమము. ఆ యేడే అమెరికానుండి వచ్చిన ప్రసిద్ధ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ వారితో పరుగెత్తి, వృద్ధుల వెనుకబడి, తన దేహస్థితిని తెలిసికొనెను. 1967లో ఆయన ఒక హృద్రోగవైద్యునితో కలిసి ఈ మెల్లని పరుగుపై గ్రంథము ప్రకటించెను.

కావున మనము చేయవలసినదేమి? మొదట వారమునకు ఐదు దినములు అరగంట చొప్పున నొప్పిలేక వడిగా నడువగలుగవలెను. పిదప ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. ఇట్లు ఇరువది నిమిషములు, దినము విడిచి దినము, వారమునకు మూడుసార్లు. వారము గడిచినకొలది పరుగు కొంచెము పెంచి, నడక కొంచెము తగ్గింపవచ్చును. అరగంట ఎడతెగక పరుగెత్తుటకు మూడు మాసములు పట్టినను తొందర వలదు. వారమునకు రెండుసార్లు కుర్చీనుండి చేతుల ఆనిక లేక లేచి కూర్చుండుటయు, మెట్టు అంచున మడమలెత్తి దించుటయు కాళ్ళకు బలమిచ్చును. ఎముకపై ఒక్కచోట వ్రేలితో నొక్కిన నొప్పి పుట్టి, దినదినము పెరుగుచున్నచో, పరుగు ఆపి వైద్యునికి చూపవలెను.

ఇక మనస్సు సంగతి. తగ్గిన బరువు మరల వచ్చునేమో యన్న భయము మిక్కిలి బలమైనది. ఆ భయముతో కొందరు తిండి మరింత తగ్గించి పరుగు మరింత పెంచుదురు. 75 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తిన ఖర్చగునది సుమారు 375 కేలరీలు. ఇంతకై దేహమును శిక్షింపనేల? పప్పు, పెరుగు, పాలు, గ్రుడ్లు, చేపలు—ఇవి లేక కండ తిరిగి రాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని, చక్కెరను మిక్కిలి దించు మాత్రలు గాని వాడువారు పాత మోతాదుతోనే పరుగునకు దిగినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. రక్తపోటు మాత్రలను గూర్చియు ముందుగ వైద్యుని అడుగవలెను. పరుగులో రొమ్మునొప్పియో కన్నుల చీకట్లో కలిగినచో అచ్చటనే ఆగవలెను.

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినది పరుగు మానుటకు కాదు, నిలుపుకొనుటకు. బరువు తగ్గించుకొనుటకు చూపిన ఓర్పునే మరి కొన్ని మాసములు చూపినచో, వచ్చు సంవత్సరమును మనము మైదానముననే ఉందుము.