నామగిరి భక్తుడు, సంఖ్యల సాధకుడు

గణితవేత్త శ్రీనివాస రామానుజన్ (1887–1920) తన సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారి అనుగ్రహమని నమ్మేవారని సన్నిహితులు చెప్పగా, ఆయన ప్రతిభను లోకానికి చాటిన నాస్తికుడైన ఆంగ్ల గణితవేత్త హార్డీ ఆ భక్తికి పెద్దగా ప్రాధాన్యమివ్వలేదు. అయితే సూత్రం స్ఫురించడం వేరు, దానికి ఉపపత్తి, అంటే మెట్టుమెట్టుగా సాగే తిరుగులేని రుజువు, చూపడం వేరు. స్ఫురణకు భక్తి ఊపిరి పోసినా తీర్పు చెప్పవలసింది తర్కమే గనుక, రెండూ ఒకే మనిషిలో నిశ్చయంగా ఇమడగలవు. స్ఫురణ ఒక్కటే చాలదనడానికి నిదర్శనంగా, 1913లో హార్డీకి రాసిన లేఖలో ప్రధాన సంఖ్యల (ఒకటి, తానూ తప్ప మరే భాజకమూ లేని సంఖ్యల) లెక్కింపుపై రామానుజన్ చెప్పినది పొరపాటని తేలింది. 1916లో టౌ ప్రమేయం అనే సంఖ్యాశ్రేణిలోని పదాల పరిమాణానికి ఆయన ఊహించిన హద్దునైతే, 1974లో పియర్ డెలిన్ రుజువు వెలువడేదాకా గణితలోకం ఊహగానే లెక్కించింది.