కాటిసీనులో వన్స్‌మోర్! పద్యం ఎవరిదో మైకులో చెప్పరేం?

ఈపూరు: తిరునాళ్ల రాత్రి రెండు గంటలు దాటుతుంది. పిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోతుంటారు. అంతవరకు టీ బంకు దగ్గర నిలబడి కబుర్లాడుకున్న వారు ఒక్కొక్కరే వచ్చి పట్టాల మీద చోటు చూసుకుంటారు. ఎందుకంటే ఇక వచ్చేది కాటిసీను. తెర లేస్తుంది. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వస్తాడు. పక్కన హార్మనీ పెట్టె శృతి అందుకుంటుంది. పద్యం చివరి పాదం చేరి రాగం పైకి లేవగానే పందిరి వెనక నుంచి ఒక కేక వినపడుతుంది. "వన్స్‌మోర్!"

పల్నాటి పల్లెల్లో పద్యనాటకం చూసిన వారెవరికీ ఈ కేక కొత్త కాదు. ఈపూరు, వినుకొండ ప్రాంతాల్లో దీన్ని వినకుండా పెరిగిన పెద్దవారు అరుదు అంటే అతిశయోక్తి కాదు. అయితే ఈ కేక ఎవరికి చెందుతుంది? పాడిన నటుడికా, వాయించిన హార్మోనిస్టుకా, పద్యం రాసిన కవికా? ఈ ప్రశ్న వేసుకున్నవారు తక్కువ.

పెట్టె మీద పది వేళ్లు

నాటకంలో హార్మోనిస్టుది వట్టి పక్కవాద్యం కాదు. నటుడు పద్యం పాడుతున్నంతసేపు అతడు వెనకనే నడుస్తాడు. పాదం ముగిసి నటుడు ఊపిరి తీసుకునే ఆ కాస్త సందులో అందుకొని, అదే రాగాన్ని వేళ్ల మీద పరుగెత్తిస్తాడు. మళ్లీ నటుడు అందుకుంటాడు. ఈసారి ఇంకా పైస్థాయి. మళ్లీ పెట్టె జవాబు చెబుతుంది. పుస్తకంలో నాలుగు పాదాలున్న పద్యం చదివితే అర నిమిషం పట్టదు. వేదిక మీద అదే పద్యం నిమిషాల తరబడి సాగుతుంది. నటుడు ఒకే ఊపిరి మీద ఎంతసేపు నిలిచాడో జనం లెక్కపెడుతుంటారు. నిలవగానే ఈలలు, చప్పట్లు. ఆ వెంటనే మైకులో చదివింపులు మొదలవుతాయి. ఫలానా వారు హరిశ్చంద్ర పాత్రధారికి ఇంత, హార్మోనిస్టుకు ఇంత అని వరసగా చదువుతారు.

శ్రోతల ఈ మోజు నాటకాన్నే మార్చింది. కురుక్షేత్రంలో ఒకే రాత్రి ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు నటులు సీన్లు పంచుకోవటం అందుకే వచ్చింది. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి వారు కృష్ణుడి వేషంతోను, డి.వి.సుబ్బారావు హరిశ్చంద్రుడి వేషంతోను ఇంటింటా తెలిసిన పేర్లయ్యారు. కాటిసీను రికార్డులు పెళ్లి పందిళ్లలో సైతం మోగాయి.

రేడియో కాదన్న పెట్టె

ఈ హార్మనీ పెట్టె మన దేశంలో పుట్టింది కాదు. పారిస్‌లో 1842లో దీనికి పేటెంటు తీసుకున్నారు. తరువాత కలకత్తాలో నేల మీద కూర్చుని చేత్తో వాయించేందుకు వీలుగా తయారు చేశారు. మెట్లు నొక్కి వాయించేది గనుక పియానోకు చుట్టం అనవచ్చు. అయితే పియానోలో సుత్తులు తీగలను కొడతాయి, దీనిలో గాలి రేకులను పలికిస్తుంది. వీణ తీగ లాగి పలికించినట్లు ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారటం ఈ మెట్ల మీద సాధ్యం కాదు. ఇటువంటి కారణాలు చూపి ఆకాశవాణి 1940లో హార్మోనియంను బహిష్కరించింది. మూడు దశాబ్దాల తరువాత, 1971లో గాని ఆ నిబంధన సడలలేదు. ఆ కాలమంతా పల్లె నాటకం మాత్రం ఈ పెట్టెను వదలలేదు. పండితులు కాదన్న వాద్యాన్ని శ్రోతలు కాపాడుకున్నారు.

ఐరోపాలోనూ ఇదే తగువు

మెచ్చుకోలు హద్దు మీరటం మన ఒక్కరి సంగతి కాదు. హంగరీ దేశంలో 1811లో పుట్టిన ఫ్రాంజ్ లిస్ట్ అనే పియానో విద్వాంసుడు 1840 ప్రాంతాల్లో ఐరోపా అంతా తిరిగి కచేరీలు చేశాడు. అతని రుమాళ్ల కోసం, చేతి తొడుగుల కోసం జనం తోసుకున్నారట. ఆ పిచ్చికి హైనే అనే జర్మన్ కవి 1844లో లిస్టోమేనియా అని పేరు పెట్టాడు. ఇతరులు రాసిన సంగీత నాటకాల్లోని పాటలు తీసుకొని, పియానో మీద కళ్లు చెదిరేలా అల్లి వాయించటం లిస్ట్‌కు అలవాటు. మొజార్ట్ సంగీతం కూర్చిన డాన్ జువాన్ కథను అలాగే 1841లో అల్లాడు. ఇది సంగీతమా, గారడీనా అని అక్కడా వాదులాడుకున్నారు. అయితే ఒక సంగతి గమనించాలి. లిస్ట్ తన అల్లికకు పెట్టిన పేరులోనే ఆ డాన్ జువాన్ పేరు ఉంచాడు. మూలం ఎక్కడిదో శ్రోతకు దాగలేదు.

మన కాటిసీనులో జరుగుతున్నది అది కాదు.

పద్యం వినుకొండది

సత్యహరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచన. కాని కాటిసీనులో జనం ఒళ్లు మరిచి వినే శ్మశాన పద్యాలు ఆయనవి కావు. అవి 1895లో మన వినుకొండలో పుట్టిన గుర్రం జాషువావి. నాటకం కోసం రాసినవీ కావు. శ్మశానవాటి అనే ఖండికగా ఆయన రాసుకున్న పద్యాలను నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. ఆ వేషానికి అవి ఎంతగా అతికాయంటే, అవి లేని కాటిసీనును జనం ఒప్పుకోరు.

జాషువా కులం కారణంగా సొంత గడ్డ మీదనే అవమానాలు పడ్డ కవి. ఆ బాధనే 1941లో వచ్చిన గబ్బిలం కావ్యంలో పెట్టారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది, 1971లో కన్నుమూశారు. చావు ముందు ఎక్కువ తక్కువలు నిలవవన్నది శ్మశాన పద్యాల సారం. ఆయనను పక్కన కూర్చోనివ్వని రోజుల్లోనే ఆయన పద్యానికి అన్ని కులాల వారూ ఒకే పందిట్లో కూర్చుని వన్స్‌మోర్ కొట్టారు. కవి ఎవరో తెలియకనే కొట్టిన వారు ఎందరో.

ఈ విలేఖరి కూడా అందుకు మినహాయింపు కాదు. చిన్నతనంలో తాతయ్య నాటకానికి తీసుకువెళ్లి, కాటిసీను వచ్చినప్పుడు మాత్రం భుజం తట్టి లేపేవారు. అందరూ ఈలలు వేస్తుంటే ఆయన చప్పట్లు కొట్టేవారు కాదు. రాగం ఆగి, హార్మనీ కూడా ఆగిన తరువాత కండువాతో ముఖం తుడుచుకునేవారు. పద్యం నచ్చలేదేమో అనుకునేవాణ్ణి. ఆ పద్యం మన పక్క ఊరి కవిదని ఇంటర్ చదివేటప్పుడు గాని తెలియలేదు. అప్పటికి తాతయ్య లేరు. ఆయనకు ఆ సంగతి తెలుసో లేదో అడిగే వీలు లేకపోయింది.

రాగమా, పద్యమా?

రాగం ఎక్కువైతే పద్యం మునిగిపోతుందని నాటకం తెలిసిన వారే చాలా కాలం నుంచి అంటున్నారు. బళ్లారి రాఘవ వంటి మహానటుడు పాటకంటె నటనకే పెద్దపీట వేశారు. వారి మాటలో న్యాయం ఉంది. కొడుకు శవంతో వచ్చిన చంద్రమతి ఏడుస్తూ పాడిన పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ కొడితే, లోహితాస్యుడి వేషం వేసిన కుర్రవాడు అంతసేపూ దోమలు కుట్టినా కదలకుండా పడుకోవాలి. దుఃఖం కాస్తా పందెం అయిపోతుంది.

రెండో వైపూ న్యాయం ఉంది. ఆ రాగమే లేకపోతే చదువు రాని రైతుకూలీ నోటికి ఆ పద్యం చేరేది కాదు. పుస్తకం కొనలేని వారు, బడి గడప తొక్కని వారు జాషువా పద్యాలను కంఠతా చెప్పగలిగారంటే అది నటుడి గొంతు, హార్మోనిస్టు వేళ్లు చేసిన మేలు. కాబట్టి వన్స్‌మోర్ తప్పు కాదు. ఊపిరి పొడుగుకు కొట్టే చప్పట్లకు, పద్యం గుండెలో దిగినందుకు వచ్చే నిశ్శబ్దానికి తేడా తెలిస్తే చాలు.

ఒక్క మాట ఖర్చు

ఇప్పుడు ఆ పందిళ్లు పలచబడుతున్నాయి. కోటప్పకొండ తిరునాళ్లలో ఒక ప్రభ దగ్గర రక్తి తగ్గితే జనం పక్క ప్రభకు నడిచిపోతారు. కార్యక్రమం పెట్టేవారు కూడా జనం నిలిచేదే పెడతారు. డాన్సులు, పెద్ద పెద్ద బాక్సుల మోత ముందు హార్మనీ పెట్టె వినపడటం కష్టమే. శ్రోత లేచిపోతే నటుడు, హార్మోనిస్టు వేరే పని చూసుకోక తప్పదు.

నాటకాలు పెట్టించే కమిటీల వారికి ఒక మనవి. కాటిసీనుకు తెర లేచేముందు మైకులో ఒక్క మాట చెప్పించండి. "ఇప్పుడు మీరు వినబోయే శ్మశాన పద్యాలు వినుకొండ వాసి గుర్రం జాషువాగారివి, హార్మనీ ఫలానా వారు" అంటే చాలు. దానికి చందాలు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. పది రూపాయలు చదివించిన వారి పేరు మైకులో వినపడుతున్నప్పుడు పద్యం ఇచ్చినవారి పేరు వినపడకపోవటం బాగులేదు. ఆ పేరు విన్న తరువాత వన్స్‌మోర్ ఎంత గట్టిగా కొట్టినా తప్పులేదు.