గంజాయీ – ఎముకల మూలుగా

బళేపేట పేరులోనే గాజు ఉన్నది. కన్నడంలో బళె అంటే గాజే గదా! ఆ వీథుల్లో గాజుల దుకాణాలు, వాయిద్యాల దుకాణాలు, మూలికలమ్మే గ్రంథిగె అంగళ్ళు దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఈమధ్య మేము అటువంటి ఒక అంగడిలో శొంఠి, అతిమధురం తీసుకుంటూ ఉండగా మన తెలుగు పెద్దావిడ ఒకరు వచ్చి, "ఏమయ్యా, గంజాయి నూనె దొరుకుతుందా? మా మనవడికి మూలుగ మార్పిడి చేయాలన్నారు. ఆ నూనె వాడితే కొత్త మూలుగ ఒంటికి పడుతుందట!" అని అడిగారు.

"అటువంటివి మేము అమ్మమమ్మా, డాక్టరుగారిని అడగండి" అన్నాడు అంగడి ఆయన. మంచి మాటే అన్నాడు. కాని ఆమె ముఖంలోని ఆశ మమ్మల్ని వదలలేదు. ఆమె విన్నదానిలో నిజమెంత? మేము తెలుసుకున్నది మన కుటుంబాల కోసం ఇక్కడ విన్నవిస్తున్నాము.

గంజాయిలో మత్తు కలిగించే పదార్థాన్ని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలం, గావోని 1964లో శుద్ధరూపంలో వేరుచేసి చూపారు. దాని పొట్టి పేరు టి.హెచ్.సి. మరి అది ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుంది? గాజులాయన చేయి చూసి రెండూ-నాలుగో, రెండూ-ఆరో చెబుతాడు. కొలత తప్పితే గాజు ఎక్కదు. కణాల పైపొరమీద కూడ ఒక్కొక్క పదార్థానికి తగిన కొలతతో చోట్లున్నాయి. వాటినే గ్రాహకాలంటారు. గంజాయి పదార్థం పట్టే గ్రాహకం మెదడులో ఉన్నదని 1988లో అమెరికాలో తేలింది. అది సి.బి.1. కేంబ్రిడ్జిలో మన్రో బృందం 1993లో రెండవదాన్ని ప్రకటించింది. ఈ సి.బి.2 ముఖ్యంగా రోగాలతో పోరాడే కణాలమీద ఉంటుంది.

ఇవి గంజాయి కోసం పుట్టినవి కావు. వీటికి సరిపోయే పదార్థాలను మన శరీరమే తయారు చేసుకుంటుంది. 1992లో దొరికిన మొదటిదానికి మన 'ఆనందం' అనే మాటతోనే 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. గంజాయి పిలవని చుట్టం వలె వచ్చి ఆ చోట కూర్చుంటుంది, అంతే.

ఇక మూలుగ సంగతి. అందులో రక్తాన్ని పుట్టించే మూలకణాలున్నాయి. వాటికి ఆసరాగా నిలిచే మరొక జాతి కణాలూ ఉన్నాయి. ఈ రెండవ జాతికి, పెళ్ళింట తగవును పెద్దలు సర్దినట్లు, రోగనిరోధక కణాల ఉద్రేకాన్ని అణచే గుణమున్నది. ఎలుకల నుంచి తీసిన ఇటువంటి కణాలకు టి.హెచ్.సి. తగిలిస్తే ఆ గుణం హెచ్చిందనీ, అందుకు సి.బి.2 తోడ్పడిందనీ 2016లో ఒక పరిశోధన ప్రకటించింది. అయితే అది ఎలుకల మాట!

మార్పిడిలో పెద్ద గండం ఏమంటే, దాత కణాలు రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివిగా ఎంచి దాడి చేయవచ్చు. దాన్ని ఆపడానికి ఈనాటికీ వాడే మందులలో ఒకటి మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం శ్రమఫలమది. ఇజ్రాయెల్ వైద్యులు 48 మంది రోగులకు, వాడుక మందులకు తోడుగా, గంజాయిలోని మత్తు లేని కన్నబిడయాల్‌ను రోజుకు 300 మిల్లీగ్రాములు, మార్పిడికి 7 రోజుల ముందు నుంచి తరువాత 30 రోజుల వరకు ఇచ్చారు. 2015లో ఫలితం వెలువడింది. ఆ మందు వాడిన రోజులలో ఎవరికీ ఆ దాడి తీవ్రరూపం కనిపించలేదు. ఆశ కలిగించే మాటే. కాని ఆ మందు లేకుండా పక్కనే ఉంచి పోల్చిన రోగులు లేరు; పాత రోగుల లెక్కతోనే పోల్చారు. కనుక ఇది తుదితీర్పు కాదు.

వీథిలో దొరికే గంజాయి వేరు. అందులో బూజు ఉండవచ్చు. మార్పిడి అయిన రోగి ఊపిరితిత్తులకు ఆ బూజు ప్రాణాంతకం. కన్నబిడయాల్ కూడ, మార్పిడి రోగులకు ఇచ్చే టాక్రోలిమస్ వంటి మందుల మోతాదును రక్తంలో పెంచి హాని చేయవచ్చు. పైగా గంజాయి దగ్గర ఉంచుకోవడం 1985 చట్టం ప్రకారం నేరం. కాబట్టి వైద్యునికి చెప్పకుండా ఒక్క చుక్కయినా వేయరాదు.

ఇంటివారు చేయగల మేలు మరొకటి ఉన్నది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలలో ఒకరి కణాలు మరొకరికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. తోబుట్టువులను పరీక్షకు పంపండి. ఇచ్చిన మూలుగ కొన్ని వారాలలో దాతకు మళ్ళీ ఊరుతుంది, భయపడవద్దు.

ఆ పెద్దావిడ కంట ఈ పుట పడితే మా కోరిక ఒక్కటే: అమ్మా, నూనె కోసం తిరిగే ఆ పూట మనవడి అక్కచెల్లెళ్ళనూ అన్నదమ్ములనూ వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళండి. ఆ బాబుకు తగిన కొలత వారిలోనే ఉండవచ్చు.