సత్యభామ పాట ఎవరిది?

రాక్ సంగీతం ఇష్టపడే కుర్రవాళ్ల నోట ఒక మాట తరచుగా వింటుంటాను. పాడేవాడే తన పాట రాసుకోవడం, నలుగురు ఒక జట్టుగా ఊరూరా తిరగడం, జనం వాళ్లకోసం ఎగబడడం, ఇవన్నీ లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్‌తోనే మొదలయ్యాయట. బీటిల్స్ అంటే నాకూ ప్రాణమే. కానీ తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పుట్టినవాళ్లు ఈ మాట అంటే ఊరుకోలేను.

బీటిల్స్ చేసింది చిన్న పనేమీ కాదు. అప్పటి బ్రిటన్‌లో పాట రాసేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. 1963లో వచ్చిన బీటిల్స్ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలుంటే, అందులో 8 జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ సొంతంగా కట్టినవే. అంతకుముందు హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్లు గంటల తరబడి పాడి రాటుదేలారు. ఇదంతా నిజమే. ఇదే మొదలు అనడమే నిజం కాదు.

తెలుగు నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావు గారినే చూడండి. ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషధారి రాకపోతే, ఆ వేషం తాను కట్టి రంగమెక్కారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి చిత్రాంగి, దేవదేవి, రోషనార, మధురవాణి వేషాలతో ఆంధ్రదేశాన్ని ఊపేశారు. ముత్తరాజు సుబ్బారావు గారి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ వేషం కట్టినప్పుడు, తన పాత్రకు కావలసిన పాట తానే రాసుకున్నారు. అదే ‘మీరజాలగలడా’. కృష్ణుడు తన మాట దాటలేడన్న సత్యభామ ధీమాను, అదే పల్లవి మళ్లీ మళ్లీ పాడుతూ, పాడిన ప్రతిసారీ కొత్త హావభావంతో చూపించేవారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఓరచూపు విసరాలో తెలిసిన నటుడు రాసుకున్న పాట అది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నన్నడిగితే ఆనాటి నాటక సమాజం అచ్చంగా ఒక బ్యాండే. కృష్ణుడు వేసే ఈలపాట రఘురామయ్య గారు ముఖ్య గాయకుడు. నోట్లో వేలు పెట్టి ఆయన ఈలతో రాగం తీస్తే అది గిటార్ సోలో. దుర్యోధనుడు వేసే మాధవపెద్ది వెంకట్రామయ్య గారి గర్జన డ్రమ్స్. వీళ్లందరినీ శ్రుతిలో నిలబెట్టే హార్మోనిస్టు బేస్ గిటార్. వన్స్‌మోర్ అని జనం అరిస్తే పద్యం మళ్లీ ఎత్తుకోవాల్సిందే. తర్వాత వచ్చిన కాంట్రాక్టు నాటకాలకూ రాక్ చరిత్రలో జోడీ ఉంది. వేర్వేరు బ్యాండ్ల మేటి గాయకులు కలిసి పాడినట్టే, పేరున్న నటులందరినీ కాంట్రాక్టరు ఒకే పందిట్లోకి రప్పించేవాడు. ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు!

ఈ నాటకాలకు తెనాలే ఎందుకు నెలవైందంటే, 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, చేతిలో డబ్బాడింది. బాపట్ల మెయిన్ లైను మీద ఉంది, రేపల్లె రైలు తెనాలిలోనే చీలుతుంది. జనం రావడానికి, సమాజం పోవడానికి దారి సుగమమైంది.

అసలు ఆశ్చర్యం గొంతులో ఉంది. మైకు లేని రోజుల్లో చివరి వరసకు పద్యం ఎలా వినబడింది? మగ గాయకులు మామూలుగా ఒకటి శ్రుతి చుట్టుపక్కల పాడతారు. అక్కడ ఆధార షడ్జమం అంటే సెకనుకు సుమారు 131 కంపనాలు. నాటకాలవాళ్లు నాలుగు శ్రుతిలో ఎత్తుకుంటే ఆధార షడ్జమమే 175, తారస్థాయి షడ్జమం 349. అయితే ఏ గొంతూ ఒక్క కంపనంతో పలకదు. 349తో పాటు దాని రెట్టింపు 698, మూడింతలు 1047, ఇలా పైపైకి అనేక స్వరాలు పుడతాయి. నోరు బాగా తెరిచి, గొంతు బిగువుగా నిలిపి పాడినప్పుడు ఈ పై స్వరాలకు బలం హెచ్చుతుంది. మన చెవి 2000 నుంచి 5000 కంపనాల మధ్య ధ్వనిని అన్నిటికంటే తేలిగ్గా పట్టుకుంటుంది. పందిట్లో మాటల గోల బలమంతా దాదాపు 500 చుట్టూ, ఆ కిందా ఉంటుంది. అంటే నటుడి గొంతు గోలతో పోటీ పడదు, గోల లేని చోట నుంచి వెళ్లి చెవిలో పడుతుంది.

ఇది తెలియక, కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే గొంతు లేస్తుందని, ఆ గాత్రాలు పూర్వజన్మ సుకృతమని చెబుతుంటారు. మింగిన రసం అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులున్న దారిలోకి పోదు. ఆ గాత్రం ఏళ్ల సాధకంతో వచ్చింది. సుకృతం ఖాతాలో వేస్తే ఆ మనుషుల కష్టాన్ని కొట్టేసినట్టే.

మైకు వచ్చాక కథ ఎటు తిరిగిందో చూడండి. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో 55,000 మంది కేకల మధ్య బీటిల్స్‌కు తమ పాట తమకే వినబడలేదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి టిక్కెట్టు కచేరీ చేసి, స్టూడియోకి మళ్లారు. అదే 1966లో కమలాకర కామేశ్వరరావు గారు ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమా తీశారు. సుశీల గారి గొంతుతో, జమున గారి అభినయంతో సత్యభామ పాట రంగస్థలం దాటి ఇంటింటికీ చేరింది. అక్కడ రికార్డు మీద లెనన్, మెకార్ట్నీల పేర్లు పాటతోపాటే ప్రయాణించాయి. ఇక్కడ పాట నిలిచింది, రాసినవారి పేరు జనం నోట జారిపోయింది. ఇవాళ చాలామందికి అది సినిమా పాట.

బడి వార్షికోత్సవాల్లో ఆడపిల్లలు ఇప్పటికీ ఈ పాటకు నాట్యం చేస్తారు. మైకు పట్టుకున్న మాస్టారు ‘సినిమా పాట’ అని వదిలేయకుండా, ‘రచన: బాపట్ల స్థానం నరసింహారావు గారు’ అని చెబితే చాలు. గిటార్ పట్టిన తెనాలి కుర్రవాడు ఆ పేరు విన్న రోజున, సొంత పాట రాసుకోవడానికి లివర్‌పూల్ వైపే చూడనక్కర్లేదని తెలుసుకుంటాడు.