మీకు తెలుసా? భీమిలి అంటే బీచ్ ఒక్కటే కాదు

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు వెంట ఉత్తరంగా వెళ్తే నగరం చివర భీమిలి, అంటే భీమునిపట్నం వస్తుంది. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి పరమైంది. డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. మంచుయుగంలో సముద్రమట్టం పడుతూ లేస్తూ ఉన్న వేల ఏళ్లలో గాలీ నీరూ పేర్చిన ఇసుక అది. అందులోని ఇనుము వల్ల ఎర్రబడింది. వానలకు కోసుకుపోయి లోతైన గెడ్డలు పడ్డాయి. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు, శ్రీలంక తీరాల్లోనూ కనిపిస్తుంది. 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. దయచేసి దిబ్బల అంచులెక్కకండి, జారిన మట్టి మళ్లీ పేరుకోదు.

ఓపికుంటే తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ ఎక్కండి. మూడూ ప్రాచీన బౌద్ధారామాలే. వాన నీటి కోసం భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్లు చూడొచ్చు. ఎండ ముదరకముందే బయలుదేరండి, కొండల మీద నీడ తక్కువ.